ముప్పావులోంచి అర

గురువారం, వైశాలి, 2007

చిన్ని హోంవర్కులో ముప్పావులోంచి అర తీసేస్తే ఒకటి మిగిలింది! పై అంకెల్లోంచి పైవి, కింది అంకెల్లోంచి కిందివి తీసేసింది మరి. చపాతీని నాలుగు ముక్కలు చేసి, ఒకటి పక్కన పెట్టి, "ఇప్పుడు నాకు సగం చపాతీ ఇవ్వు" అన్నాను. రెండు ముక్కలిచ్చింది. పావు మిగిలింది.

"లేకిన్ మమ్మీ, హమేషా బడే కో హీ క్యోం కాట్‌తే హైం?" అంది. సగాన్ని రెండు పావులు చేసినట్టు, ఎప్పుడూ పెద్ద ముక్కనే ఎందుకు కోయాలని.

"కోసినా చపాతీ తగ్గదురా, అంతే ఉంటుంది" అన్నాను.

ఆయన బదిలీ కోసం కాకినాడలో టీచరు ఉద్యోగం వదిలేశాను. ఇక్కడ వైశాలిలో సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఆయన ఉద్యోగాన్ని కోయాల్సిన అవసరం రాలేదు.

కోసినా తగ్గదని చిన్నికి అంత ధీమాగా ఎలా చెప్పానో...