మామ పోస్తున్న ఒడిబియ్యం

కామాటిపుర, ముంబయి

అమ్మా, నీ బిడ్డ అనసూయ నీ కాళ్లకు మొక్కి రాస్తున్నది. మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మేం బాగున్నాం. నీ అల్లుడికి వర్లిలో స్లాబ్ పని దొరికింది. వానలకు గోడలు చెమ్మ పట్టి బట్టలు ఆరడం లేదు, అంతే. నా గురించి దిగులు పడకు.

ఫోన్లో మీ అన్న పేరెత్తితే పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. కోపమొచ్చినా చివరిదాకా చదువు.

మామది ఉత్త మతిమరుపు కాదట. మామ కొడుకూ నేనూ ఆస్పత్రికి తీసుకెళ్తే అల్జీమర్స్ అన్నారు. డాక్టరమ్మ కాగితం మీద గీసి చెప్పింది. మెదడులో కొన్ని ప్రొటీన్లు ఏళ్ల తరబడి అట్లాగే ఉండిపోతాయట. వయసు మీదపడే కొద్దీ వాటి లోపలి అమరిక మారుతుందట, కుడికాలి చెప్పు ఎడమకాలిది అయినట్టు. పాతవాటిని ముక్కలు చేసి ఊడ్చేసే ఏర్పాటు కణాల్లోనే ఉన్నా, ఇట్లా తిరగబడ్డవాటిని అది కోయలేదట. అవి పేరుకుపోవడం కూడా ఈ జబ్బుకు ఒక కారణం కావచ్చట. "పోయింది మళ్లీ రాదా?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. నాకు ఏడుపాగలేదమ్మా.

ఆయనకు హిందీ, మరాఠీ పోయాయి. మన ఊరి మాటే మిగిలింది. మనవలకు అది రాదు. అందుకని పగలంతా నేనే దగ్గరుంటున్నాను. నన్ను చూసి నువ్వనుకుంటున్నాడు.

పోయిన నెల బియ్యంలో పసుపు కలుపుతూ, "బాలమ్మా, కొంగు పట్టు. ఎండుకొబ్బరి కుడుకలు దొర్కలే, ఏమనుకోకు" అన్నాడు. నేను బాలమ్మను కాను, ఆమె బిడ్డనన్నాను. "అయితే నా చెల్లె ఇంక రాదా? గంత కోపమా?" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మమ్మ దినాలనాడు మీ ఇద్దరికీ మాటామాటా పెరిగాక నీకు పుట్టింటి ఒడిబియ్యం పోయలేదు కదా. ఆయన అదొక్కటి మరిచిపోలేదు.

మర్నాడు కొంగు పట్టాను. అప్పటి నుంచి రోజూ పడుతున్నాను. "తప్పైందే చెల్లె, మాఫ్ చెయ్యి" అంటాడు. "చేసిన అన్నా" అంటాను. నీ తరఫున అనడానికి నేనెవరినమ్మా? పాపం చేస్తున్నానేమో.

ఈ వారం రెండుసార్లు "ఏ ఊరమ్మా నీది?" అని నన్నే అడిగాడు. నీ పేరు కూడా ఎన్నాళ్లుంటుందో తెలియదు. నువ్వే వచ్చి, మాఫ్ చేశానని నీ నోటితో చెప్పు. బస్సెక్కించమని అన్నకు ఫోన్ చేస్తాను.

పెద్దమ్మకు, వదినకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన నా మీద ఉండనీ.

నాన్న పోయాక నాకెక్కడి ఒడిబియ్యం అంటావని తెలుసు. నాన్న పోయిన సంగతి మామకు గుర్తులేదమ్మా. మొన్న కూడా "మా బావ బాగున్నడా?" అని అడిగాడు. ఆయన దగ్గర నువ్వింకా ముత్తైదువవే.

నీ బిడ్డ
అనసూయ