ఫార్మాట్ అడిగితే వద్దను

2020 జూన్ 14, ఆదివారం

కారఖానా తెరిచినం. షట్టర్ తుప్పుపట్టి సగం దాకనే లేసింది. వంగి లోపలికి పోయినం. ఓనర్ సోమలింగం కాక మిషిన్ ముందట కొబ్బరికాయ కొట్టి, ముక్క నా చేతుల పెట్టి, "ఇగ బతికినం సంపత్" అన్నడు.

సంతోషం గంటసేపు ఉన్నది.

మొన్నటి తుఫాను వానకు ఆఫీస్ రూమ్ మీద రేకు లేసిపోయిందట. నీళ్లన్ని కంప్యూటర్ మీద పడ్డయి. అది చచ్చింది. డిజైన్లు అందులనే ఉండె. ఇంక మిగిలింది ఇనుప బీరువల ఫ్లాపీలే. మా ఎంబ్రాయిడరీ మిషిన్ జపాన్‌ది, బాగ పాతది. సూరత్‌ల ఈ ఉధ్నా ఏరియా మొత్తం పెన్‌డ్రైవ్‌కు పోయినా అది ఫ్లాపీ తప్ప ఇంకోటి తినది.

బీరువ తెరిచిన. ఫ్లాపీల మీద తెల్లగ బూజు. ఒకటి తుడిచి మిషిన్ల పెట్టిన. గీసినట్టు చప్పుడైంది, ఎర్రర్ వచ్చింది. ఇంకోటి పెట్టిన. అదీ అంతే. మూడోది పెట్టినంక కాక నా చెయ్యి పట్టుకుని ఆపిండు.

జూన్ 15

రాణికి ఫోన్ చేసిన. డిజైన్లు పంచింగ్ చేసేది ఆమెనే. పువ్వు ఎక్కడ మొదలువెట్టాలె, సూది ఎటు పోవాలె, దారం ఎక్కడ తెగాలె, అంత కంప్యూటర్ల కూసొని రాసి ఫ్లాపీల ఇస్తది. నేను మిషిన్ నడుపుత. మా కాపురమైనా, మా పనైనా ఇద్దరం కలిసే.

మార్చిల చిన్నాయన బిడ్డ పెండ్లికని కోరుట్ల పోయి అక్కడనే చిక్కింది. ఇప్పుడు ఎనిమిదో నెల. మే నెలల నాకు బస్సు దొరికింది గని ఆమెనే వద్దన్నది. దారి పొంటి రోగం అంటించుకొని వస్తవ్, అక్కడనే ఉండు అన్నది.

మూడు ఫ్లాపీలు పెట్టిన అని చెప్పిన.  మెల్లగ చెప్పింది. బూజు పోయి మిషిన్‌ల ఫ్లాపీని చదివే హెడ్‌కు అంటుకుంటదట, మళ్ల పెట్టినదాన్ని గీకుతదట. "ఇగ ఒక్కటి గూడ పెట్టకు. దండం పెడ్త."

దారి ఒకటి ఉన్నదన్నది. ఫ్లాపీని ఉన్నదున్నట్టు బొమ్మ దీసి ఒక్క ఫైల్ చేసే ప్రోగ్రామ్ ఉంటదట. ఇమేజ్ అంటరట. అందుల ఏం రాసి ఉన్నదో నాకేం తెలుస్తది అన్న. "జిరాక్స్ తీసెటోడు కాయిదం చదువుతడా? గిదీ అట్లనే. చుక్క చుక్క ఎత్తుకుంటది, అంతే." ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల వేసి, మిషిన్‌కు ఫ్లాపీ జాగల ఒక డబ్బా బిగిస్తే, మిషిన్ దాన్నే ఫ్లాపీ అనుకుంటదట.

మిషిన్‌ను మోసం చేసుడన్నట్టు. కాకకు చెప్తే నవ్విండు. గని కామ్‌రేజ్ ఊరి తుక్కు వ్యాపారి రెండుసార్లు ఫోన్ చేసిండట. రాఖీ పున్నం దాక చూస్త, కాకపోతే మిషిన్ అమ్ముత అన్నడు. కాకది తప్పేం లేదు. లాక్‌డౌన్‌ల మా అందరికి బియ్యం ఆయన ఇంట్లకెంచే వచ్చినయి.

జూన్ 21

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ దొరికింది. పాత కంప్యూటర్లు విప్పే దుకాణంల, వైర్ల కుప్ప కింద. లాప్‌టాప్ కాక బిడ్డ మౌక్తికది. ఆమెకు పొద్దంత ఆన్‌లైన్ క్లాసులు, సాయంత్రం నాకు ఇస్తది. ఇచ్చేటప్పుడు నా చేతులకు సానిటైజర్ పోసి ఇస్తది.

ఆ సానిటైజర్‌తోనే ఫ్లాపీలు తుడుద్దామనుకున్న. రాణి వద్దన్నది. జిగురు ఉంటదట. మొబైల్ రిపేర్ దుకాణంల దొరికే స్పిరిట్ కావాలెనట. అది తెచ్చిన. ఇనుప రెక్క పక్కకు జరిపి, లోపలి నల్ల పళ్లెం మెల్లగ తిప్పుకుంట, దూది పుల్లతోని తుడువాలె. చంటిపిల్ల చెవులు తుడిచినట్టు తుడువు అన్నది. నాకేం ఎరుక చంటిపిల్ల చెవులు. నేర్చుకో, పనికొస్తది అన్నది.

మొదటిది పెట్టిన. స్క్రీన్ మీద ఏందో వచ్చింది. ఎస్ మీద వేలు పెట్టబోతున్న, ఫోన్ల రాణి ఏం వచ్చింది, చదువు అన్నది. డిస్క్ ఫార్మాట్ చేయాల్నా అని అడుగుతున్నది అన్న.

"చెయ్యి తియ్. చెయ్యి తియ్ ముందు."

తీసిన.

మిషిన్ రాత లాప్‌టాప్‌కు తెల్వదట. తనకు తెల్వనిదంత ఖాళీ అనుకుంటదట. ఎస్ అంటే మొత్తం తుడిచిపెడ్తది. "అది అడుగుతనే ఉంటది. అడిగినప్పుడల్లా వద్దను." ప్రతి ఫ్లాపీ మూలకు ఒక చిన్న బిళ్ల ఉంటది. దాన్ని జరిపి రంధ్రం తెరిస్తే ఎవరూ దాని మీద రాయలేరట. ముందు అన్నిటికి ఆ పని చేయించింది.

సాయంత్రానికి ఒక్క ఫ్లాపీ ఫైల్ అయింది. ఒక్కటే. గని అయింది.

జూలై 1

రోజూ కొన్ని. కొన్ని ఒక్కసారికే వస్తయి. కొన్ని నడిమిట్ల ఆగి గుర్రుమంటయి, మళ్ల తుడిచి పెడితే వస్తయి. కొన్ని రానే రావు.

అసలు కావలసింది కేరీ బార్డర్. మామిడికాయల అంచు. లాక్‌డౌన్‌కు ముందు సగం కుట్టిన చీరలు మడతలల్ల అట్లనే పడి ఉన్నయి. మిగిలిన సగానికి అదే అంచు పడాలె, కుట్టు గూడ తేడా రావద్దు. ఆ ఫ్లాపీ మీదనే బూజు అన్నిటికంటే ఎక్కువ. ఇప్పుడే ముట్టకు, చెయ్యి తిరిగినంక ఆఖరుకు పట్టు అన్నది రాణి.

జూలై 9

మళ్ల మార్కెట్ బంద్. మా గల్లీ మొదట్ల వెదురు కట్టిన్రు.

జూలై 16

రాణికి పాజిటివ్.

జూలై 16, సాయంత్రం

జ్వరం లేదట. దగ్గు జరంత. కాన్పు దగ్గర పడ్డదని దవాఖానల టెస్ట్ చేస్తే వచ్చింది. వేరే వార్డుల పెట్టిన్రు. అత్తమ్మను లోపలికి రానిస్తలేరు. గేటు బయట షెడ్డు కింద కూసున్నదట, నాతోని మాట్లాడుకుంట, "బిడ్డా, నేనుండంగ నువ్వెందుకు రంది పడ్తవ్" అంటున్నది. అంటనే ఏడుస్తున్నది.

పోత అన్న. కాక కారు తాళాలు తెచ్చి ముందట పెట్టిండు. పెట్టి, కూసోబెట్టి చెప్పిండు. రెండు రాష్ట్రాలు దాటాలె, పాస్ కావాలె, పోయినా పద్నాలుగు దినాలు వేరే ఉంచుతరు. "గేటు దగ్గర అత్తమ్మ పక్కన ఇంకొకడివి అయితవ్, అంతే గద."

తాళాలు అక్కడనే ఉన్నయి. నేను తీసుకోలే.

జూలై 17

ఇయ్యాల లాప్‌టాప్ ముట్టలే. పొద్దుగూకే యాల్లకు రాణి ఫోన్ చేసింది. పక్క మంచమామె ఆగకుంట దగ్గుతున్నదట. ఏదన్న చెప్పు అన్నది. ఏం చెప్పాలె అన్న. తిన్నవా అన్న. తిన్న అన్నది. 

"ఫ్లాపీ చెప్పు. ఇయ్యాల ఏది పెట్టినవ్?"

ఏదీ పెట్టలే అని ఎట్ల చెప్తం. ఆగు అని కారఖానాకు ఉరికిన. ఒకటి తుడిచి పెట్టిన. ప్రోగ్రామ్‌ల గీత మెల్లగ నిండుకుంట పోతది, పక్కన ట్రాక్ నంబర్లు పడ్తయి, సున్నా నుంచి డెబ్బై తొమ్మిది దాక. అవే చదివిన. పన్నెండు. పదమూడు. పద్నాలుగు. ఆమె "ఊఁ" కొడుతున్నది. కథకు ఊఁ కొట్టినట్టు. ముప్పై ఒకటి కాడ ఆగింది. ఆగింది రాణి అన్న. ఉండనీ, అదే పోతది అన్నది. పక్కామె దగ్గు నాకు గూడ వినవడుతున్నది. కొద్దిసేపటికి ముప్పై రెండు పడ్డది.

పోయింది అన్న. "చెప్పిన గద" అన్నది. ఆ మాటల నవ్వు ఉండె.

జూలై 19

ఇప్పుడు ఇదే మా పని. నేను నంబర్లు చదువుత, ఆమె ఆ ఫ్లాపీల ఏ డిజైన్ ఉన్నదో చెప్తది. ఈ తీగ నందివర్ధనం పూలు చూసి వేసిన, ఈ గులాబీ మూడుసార్లు దారం తెంపింది యాదికున్నదా, ఈ వల లెక్కటి జాలీ వేసినప్పుడే మనకు పెండ్లి మాటలైనయి. నాకు పెండ్లి మాటలే యాదికున్నయి, జాలీ యాదికి లేదు. చెప్పలే.

ఆక్సిజన్ మంచిగనే ఉన్నదట. నర్సు గూడ తెలుసుకున్నది, వచ్చి ట్రాక్ ఎంత దాక వచ్చింది అని అడుగుతున్నదట.

జూలై 21, మధ్యాహ్నం

కేరీ బార్డర్ పెట్టిన. బీరువల మంచివన్ని అయిపోయినయి, ఇగ ఇదే. మౌక్తిక క్లాసు ఎగ్గొట్టి లాప్‌టాప్ ఇచ్చింది.

నలభై దాక నడిచింది. నలభైల గుర్రుమని ఆగింది. తీసి తుడిచి పెట్టిన. మళ్ల ఆగింది. రాణి అన్నది, ఒక్కసారికి రాకుంటే పది సార్లు చదివించు, ఒకసారి రాని ముక్క ఇంకోసారి వస్తది, వచ్చినకాడికి ప్రోగ్రామ్ కలుపుకుంటది. తొందరపడకు. "నువ్వు తొందర..." అన్నది. ఇగ మాట లేదు. రాణీ అన్న. మంచం చప్పుడు. నర్సును పిలిచినట్టు. ఫోన్ కట్.

మళ్ల చేస్తే స్విచ్ ఆఫ్.

అత్తమ్మకు చేసిన. ఆమెకు ఏం తెల్వది.

గీత నలభై ఒకటి కాడ ఉన్నది. అదొక్కటే కదులుతున్నది ఈ గదిల.

జూలై 21, సాయంత్రం

ఆడపిల్ల.

అత్తమ్మ చెప్పింది. గేటు కాడికి నర్సు వచ్చి చెప్పిందట. ఇద్దరు మంచిగున్నరట. మామూలు కాన్పే. రెండుసార్లు అడిగిన, మూడోసారి అడుగుతె అత్తమ్మ కోపం చేసింది, నేను అబద్ధమెందుకు చెప్తరా అన్నది.

కాక వచ్చి పక్కన నిలబడ్డడు. మాస్కుల ఏడిస్తే ఊపిరాడది. ఇద్దరం బయటకొచ్చి, దూరం దూరం నిలబడి, మాస్కులు తీసి ఏడ్చినం.

లోపలికి వచ్చి చూస్తే గీత నిండింది. ఎప్పుడు నిండిందో చూడలే. ఒక్క జాగల ఎర్ర చుక్క ఉన్నది, చదువరాలేదని. మిగతా అంత వచ్చింది.

జూలై 24

పాపకు నెగెటివ్. రాణికి దగ్గు తగ్గింది. పాపను తల్లి పక్కకు ఇచ్చిన్రు, మాస్కు కట్టుకొని పాలియ్యమన్నరు. ఫోటో పంపింది. గుడ్డల మూట, అందులనుంచి ఒక చెయ్యి. ఆ చెయ్యి పెద్దగ చేసి పెద్దగ చేసి చూసిన.

నిన్న రాత్రి మార్చి తరువాత మొదటిసారి నిద్రపట్టింది.

జూలై 30

డబ్బా బిగించినం. కిమ్ ఊరి నుంచి మెకానిక్ వచ్చిండు. ఫ్లాపీ ఉండే జాగల ఇప్పుడు చిన్న పెన్‌డ్రైవ్, పక్కన నంబర్ నొక్కే బటన్లు. బీరువ నిండ ఉన్న ఫ్లాపీలన్ని ఆ పెన్‌డ్రైవ్‌ల ఒక మూలకు సరిపోయినయి. కాక దాన్ని వేళ్ల నడుమ పట్టుకొని అటిటు తిప్పి చూసిండు, నమ్మబుద్ధి కాక.

కేరీ నంబర్ నొక్కిన. ఎర్రర్ రాలే. సూదులన్ని ఒక్కసారి లేసి, దిగినయి. మామిడికాయ మొన, వంపు, లోపలి గింజలు. పాత చీర పక్కన పెట్టి చూసినం. కాక అద్దాలు మార్చి చూసిండు. తేడా లేదు.

మరి ఆ ఎర్ర చుక్క ఏమైనట్టు? అదే ఫ్లాపీల ఇంకో డిజైన్ ఉన్నది, నెమలి. ఊరికె అది గూడ నడిపించి చూసిన. నడుము దాక మంచిగ వచ్చి, కాళ్ల కాడ సూది ఒక్కకాడనే కొట్టుకుంట నిలబడ్డది. ఫోటో పెట్టిన. రాణి ఫోన్ చేసి, "పోతే పోనీ. ఆ నెమలి నాకు ఎప్పుడూ నచ్చలే" అన్నది.

ఇగ ఆగకుంట నవ్వినం. ఎందుకో తెల్వది. ఆమె వెనుక అత్తమ్మ, బాలింతవు గట్టిగ నవ్వకు అంటున్నది. అప్పుడు అర్థమైంది, ఇంటికి వచ్చిన్రని. పొద్దుగాలనే ఇడిసిపెట్టిన్రట. నాకు చెప్దామని చేస్తే నేను మిషిన్ చప్పుడుల ఎత్తలేదట.

ఆగస్ట్ 3, రాఖీ

చీరలు సగం అయినయి. కామ్‌రేజ్ ఆయన ఫోన్ చేసిండు. కాక స్పీకర్ పెట్టి, నడుస్తున్న మిషిన్ దగ్గరకు పోయి, ఫోన్ దాని మీద పెట్టిండు. ఆ చప్పుడు విని కాసేపటికి ఆయనే ఫోన్ కట్ చేసిండు.

అక్టోబర్ 11

పాప బోర్లపడ్డదట. వీడియో పంపిన్రు. మిషిన్ ఆపి చూసిన.

నవంబర్ 29

వచ్చిన్రు. వరంగల్‌ల స్పెషల్ ట్రైన్ ఎక్కి, ఇయ్యాల పొద్దుగాల సూరత్‌ల దిగిన్రు. రాణి సన్నబడ్డది. మార్చిల ఒక్కతి పోయింది.

పాప నన్ను చూసింది. ముఖం మంచిగ చూడనీ అని మాస్కు తీసిన. ఏడుపు అందుకున్నది. మళ్ల పెట్టుకున్న. ఊకుంది. పుట్టినకాంచి దవాఖానల, బస్సుల, ట్రైన్ల అందరివి సగం ముఖాలే చూసింది మరి. ఇంటికి పోయేదాక మాస్కు తియ్యకు అన్నది రాణి, ఆటోల నా భుజం మీద తల పెట్టి.

సాయంత్రం కారఖానాకు వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకొని ఒక్కొక్క ఫైల్ చూసింది. మంచిగ తీసినవ్ అన్నది. నేను పోయి మిషిన్‌కు నూనె పోసిన.

డిసెంబర్ 6, మధ్యాహ్నం

పాప నా కుడి చెయ్యి మీద పడుకున్నది. తీస్తే లేస్తది. ఎడమ చేత్తోని రాస్తున్న. అక్షరాలు ఎటో పోతున్నయి. పోనీ.