వానకు పోని బురద

జూన్ 4
మళ్లీ షూటింగ్. ఈ వయసులో ఎందుకని మా ఆవిడ దెప్పింది. బట్టలు పాడుచేస్తే డబ్బులిచ్చేవాళ్లు ఇంకెక్కడ దొరుకుతారన్నాను. ఇన్నేళ్లు ఉతికినందుకు తనకెవడూ ఇవ్వలేదంది.

కొత్త బట్టను పాతబట్ట చెయ్యడం నా విద్య. బడిలో నేర్చింది కాదు. టీ డికాక్షన్, తుప్పునీళ్లు, బంకమట్టి, ఎవరికీ చెప్పని ఇంకోటి. నా బురద వానకు కూడా పోదు.

సినిమా కిందటేడు వరదలో మునిగిన కాలనీ గురించి. అక్కడుండేది మురుగుకాలవలు తీసేవాళ్లు. నటించేదీ వాళ్లే.

జూన్ 6
డైరెక్టర్ తల పట్టుకున్నాడు. కాలనీవాళ్లంతా తలకు పోసుకుని, నున్నగా దువ్వుకుని, ఉన్నవాటిలో మంచివి వేసుకొచ్చారు. కెమెరా ముందుకు మాసిన బట్టలతో ఎవడొస్తాడు? మా నాన్న జన్మలో ఒక్కసారే ఫోటో దిగాడు, స్టూడియోవాడి కోటు తొడుక్కుని. ఆ ఫోటోలో ఆయన్ని మా అమ్మే గుర్తుపట్టలేదు. సరే, ఎక్కడున్నాను?

మాస్టారూ, వీళ్లు బాధితుల్లా లేరు, కాస్త చూడండి అన్నాడు డైరెక్టర్. చూశాను. అందరి బట్టలకీ నా బురద పూశాను.

ఒకాయన మాత్రం వెనక్కి జరిగాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత. బాబాయ్, దీన్నొదిలెయ్, సోమవారం మా పిల్లని నర్సింగ్ కాలేజీలో చేర్చాలి, ఆ గేటు దగ్గర నన్నెప్పుడూ పారతోనే చూశారు, ఈ ఒక్కసారి చొక్కాతో చూడనీ అన్నాడు. పెళ్లినాడు కూడా ఇంత సోకు చెయ్యలేదని వాళ్లావిడ నవ్వింది.

మా బట్టల లారీలో వేరే చొక్కాలున్నాయి. లారీ దూరం. మోకాళ్లు నొప్పి. ఉతికితే పోతుందిలేవయ్యా అన్నాను.

జూన్ 7
ఎంత సహజంగా ఉంది మాస్టారూ అని డైరెక్టర్ కౌగిలించుకున్నాడు.

జూన్ 9, ఆదివారం
ఆయన తడిచొక్కా పట్టుకుని వచ్చాడు. వెనకే వాళ్లావిడ, అరచేతులు ఎర్రగా కమిలి. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండు. వరదలోనూ మునిగిందిది బాబాయ్, ఒక్క ఉతుక్కి తెల్లబడింది, నీదేం బురద అని అడిగాడు, నిజంగానే తెలుసుకుందామని. నీకన్నా వరదే నయం పెద్దాయనా అంది ఆవిడ.

తెలిసిన మందులన్నీ వేసి రుద్దాను. పోలేదు. పోకుండా చేసింది నేనే కదా.

నా చొక్కా ఇస్తానన్నాను. అది తొడుక్కుంటే నాకు నేనే తెలియను, వద్దు బాబాయ్ అన్నాడు.

జూన్ 10
ఉండబట్టలేక కాలేజీకి వెళ్లాను. ఎదురుగా బస్సు చాటున నిలబడ్డాను. మరకల మీదే ఇస్త్రీ చేసుకొచ్చాడు. మడత కత్తిలా ఉంది. పిల్ల లోపలికి వెళ్లింది. ఆయన్ని వాచ్‌మన్ ఆపి, పార ఏదని అడిగాడు.

నా బురద చాలా సహజంగా ఉంది.