దిబ్బ మీది పలక ముక్కలు

మంగళవారం

పలకల గని వాళ్లు ముప్పై ఏళ్లుగా మా ఇంటి వెనకే వ్యర్థం పోస్తున్నారు. ఇన్నేళ్లూ ఎవరూ రాలేదు. ఇవాళ మట్టి పరీక్ష చేసిన ఆఫీసరు వచ్చి, “ఆ దిబ్బలో సీసముంది పెద్దమ్మా, కడుపుతో ఉన్నోళ్లకు చానా చేటు” అని చెప్పి పోయాడు.

నా కూతురు సుజాతకు ఆరో నెల. పలక ముక్కలు నమలాలనిపిస్తోందని అది అడిగితే, దాన్ని మోసేటప్పుడు నేనూ తిన్నానని మురిసిపోయాను. ఆ దిబ్బ మీదే ఏరి, కడిగి, దాని చేతిలో పెట్టింది నేనే.

ఆఫీసరు వెళ్లాక సుజాత పొట్ట పట్టుకుని నా పక్కన కూర్చుంది.

“నువ్వూ తిన్నావు గదమ్మా. నేను బాగానే పుట్టినా గదా?”

“బంగారంలా పుట్టినావు” అన్నాను.

అబద్ధం కాదు. కానీ దానికి ముందు నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ సంగతి దానికెప్పుడూ చెప్పలేదు.

అప్పుడూ తిన్నాను.