మిట్టమధ్యాహ్నపు ముహూర్తం

గండికోట గుట్ట కింద, మన పేట నుంచి.

నాయన ఏసేపుగారికి కొడుకు గాబ్రియేలు చేతులెత్తి మొక్కి రాస్తున్న సంగతులు.

మన పేటను కాల్చినవాడు మునసబు ఓబుళరెడ్డి. ఈ మాట ముందు రాయకుండా "ఇక్కడ అందరం క్షేమం" అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇక చెబుతాను: అమ్మ, నేను, చెల్లెలు ప్రాణాలతో ఉన్నాం. పేటలో ఎవరూ చావలేదు. గుంతకల్లులో మీరూ, మీ రైలు గ్యాంగువాళ్లూ బాగున్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో మీరు అడిగినవాటికి జవాబులు. ఎర్రావు ఈనింది, కోడెదూడ. అమ్మ మోకాలు అట్లే ఉంది. ఈ ఏడు గాలి ఎట్లుందన్నారు. ఉగాది దాటగానే పడమటి గాలి లేచింది. గుట్ట మీది బోదగడ్డి చేత్తో నలిపితే పొడి అవుతోంది. తలారి పెద్ద ఈరన్న ఎప్పటిలాగే తప్పెట కొట్టి చాటించాడు: పొద్దెక్కకముందే పొయ్యిలు ఆర్పాలి, గాలి పడిపోయేదాకా మళ్లీ ముట్టించకూడదు. మన ఆడవాళ్లు చీకటితోనే సంకటి కెలికి, పొయ్యిలో నీళ్లు చల్లి, పగలంతా చల్లదే పెడుతున్నారు. చుట్ట తాగేవాళ్లు కూడా దిగుడుబావిలోకి దిగి తాగి వస్తున్నారు. ఆ చాటింపు వేయించింది మునసబే. ఇంటి కప్పు ఎట్లుందనీ అడిగారు. దానికి జవాబు చివర్లో రాస్తాను.

మునసబు మిద్దె కట్టిస్తున్నాడు. దానికి సున్నపు బట్టీ గుట్ట మొదట్లో, మన పేటకు సరిగ్గా పడమట వేయించాడు. తన గడ్డివాములకు దూరంగా ఉండాలి గదా! బట్టీ ముట్టించడానికి ముహూర్తం పెట్టిస్తే అది మిట్టమధ్యాహ్నానికి వచ్చింది. ఊరందరి పొయ్యిలు ఆర్పించిన మహానుభావుడు తన రాళ్లు కాల్చుకోవడానికి గ్రహాలను అడిగాడు గానీ గాలిని అడగలేదు. ఆ రాళ్లు మోసిన కూలీల్లో నేనూ ఉన్నాను. సున్నం కాల్చే వలి సాహెబ్ కొరివి చేతబట్టుకొని వెనకాడడం నా కళ్లతో చూశాను.

"రెడ్డెప్పా, గాలి శానా తిక్కగా ఉండాది. సందేళ పెడతామప్పా."

"ముహూర్తం నీ గాలిని అడిగి వస్తాదేమిరా సాయిబూ?"

"గడ్డి యాడిదాకా ఉండాదో సూడప్పా. పేట దాకా ఉండాది."

"పేట ఉంటే నీకేమి, పోతే నీకేమి? పెట్టమంటాండా!"

పెట్టాడు. టెంకాయ నీళ్లు ఇంకా నేలలో ఇంకలేదు, రవ్వ ఎగిరి గడ్డిలో పడింది. మునసబు అందరికంటే ముందు చేసిన పని, తన గొడుగు చంకన పెట్టుకొని పరుగెత్తడం. అంత లావు మనిషి అంత వడిగా పోగలడని నాకు ఆ రోజే తెలిసింది. నేను చదివే కరపత్రాల్లో నిరంకుశుడనే మాట వచ్చినప్పుడల్లా కోరమీసం, కత్తి ఊహించుకునేవాణ్ణి. గొడుగును కాపాడుకుంటూ పారిపోయేవాణ్ణి ఊహించలేదు.

ఆ శూరుడు ఇప్పుడు తాసీల్దారుకు ఏమని రాశాడో వినండి. నిప్పు మన వెనక గుడిసె విశ్వాసమ్మవ్వ పొయ్యిలోంచి లేచిందట! చాటింపు మీరినందుకు ఆమెను జైలుకు పంపాలట! అవ్వకు చూపు సరిగ్గా ఆనదు, అందుకే ఉగాది ముందు నుంచీ మన ఇంట్లోనే తింటోంది. ఆమె పొయ్యిలో మన కోడి పొదగడానికి కూర్చుంది. నిప్పు పుట్టిందన్న గుడిసె గడ్డిపోచ కూడా కాలకుండా నిలబడి ఉంది, దానికి పడమట ఉన్న ఇళ్లన్నీ బూడిదయ్యాయి. గాలికి ఎదురెక్కిన నిప్పట! ఇంత మోటు అబద్ధం ఆడడానికి కూడా సర్కారు జీతం ఇస్తోంది.

అవ్వ గుడిసె ఎట్లా మిగిలిందో చెప్పాలంటే కప్పు సంగతి చెప్పాల్సిందే. నాయనా, మన ఇంటికి కప్పు లేదు. నేనే పీకేశాను.

పేట కట్టుబాటు మీకు తెలుసు. నిప్పు వచ్చే దారిలో ఒక ఇంటి కప్పు పీకి దాన్ని తెంచాలి. కొక్కెం కర్రతో మొదటి దోటి ఆ ఇంటివాడే వేయాలి, ఇంకొకడు ముట్టుకోకూడదు. ఆ రోజు నిప్పు మన ఇంటి దాకా వచ్చింది. మన వెనక అవ్వ గుడిసె, ఆ వెనక మన ప్రార్థన గుడి. మీరు గుంతకల్లు పోయే ముందు మోపు మోపూ ఏరి కప్పిన కప్పు అది. నా చేతిలో దోటి లేవలేదు. అమ్మ అరిచింది:

"ఏమిరా సూస్తాండావు? మీ నాయన కప్పినాడని నిప్పు మొగమాట పడుతుందా? ఎయ్యి!"

వేశాను. అందరూ అందుకున్నారు. నిప్పు మన మొండిగోడల దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు మునసబుకు మన మీద ఎక్కడలేని జాలి పుట్టింది. బండెడు గడ్డి, వెదుళ్లు పంపాడు, శుక్రవారం లోపల కప్పుకోమని. తాసీల్దారు వచ్చేది శుక్రవారమే. నిప్పు ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగిందో చెప్పే సాక్ష్యం మన కప్పులేని ఇల్లే. అందుకే బండిని తిప్పి పంపాను. మునసబు కాళ్లు పట్టుకొని బతకమని పోయిన ఉత్తరంలో మీరు రాశారు. ఆ కాళ్లు ఎంత వడిగా పరుగెత్తుతాయో చూశాక పట్టుకోవడం నా వల్ల కాదు.

అమ్మ గోడ నీడకు చాప జరుపుకుంటూ పగలు గడుపుతోంది. నిన్న వలి సాహెబ్ వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. "కొరివి పట్టింది నా చెయ్యే వదినా. పట్టించింది ఎవురో కూడా నేనే చెప్తా. పని పోతే పోనీ" అన్నాడు.

కాబట్టి నాయనా, గురువారం రాత్రి బండెక్కి ముద్దనూరులో దిగి నడిచి రండి. మీ గ్యాంగులో మన వైపు వాళ్లెవరుంటే వాళ్లను పిలుచుకొని రండి. శుక్రవారం మిట్టమధ్యాహ్నం, మునసబు బట్టీ ముట్టించిన వేళకే, పేటంతా మన ఇంట్లో చేరుతోంది. ఎవరూ గొడుగు తేవద్దు.

ఇట్లు,
మీరు కప్పిన కప్పు పీకిన కొడుకు,
గాబ్రియేలు