వసాబి మడిలో కాళ్లు

కినుయే అత్తయ్యకు,

ఈ పొద్దున అన్నంలోకని, మీరు పంపిన ఘాటైన వసాబి దుంప తురుముతుంటే లోపల నల్లటి గీత కనిపించింది. మీ మడిలో పండిన దుంపలో అలాంటి గీత నేనెప్పుడూ చూడలేదు.

నా కథల పుస్తకంలో రాసింది మీ లోయ గురించే. అందులో ఒక పాత మరమనిషి సెలయేటి నీటిలో వసాబి పెంచుతుంది. అలసి వచ్చినవాళ్లు ఆ మడిలో కాళ్లు పెట్టుకుని సేదదీరుతారు. చదివినవాళ్లు ఇప్పుడు కాళ్లు పెట్టుకోవడానికి మీ మడికే వస్తున్నారు.

చిన్నప్పుడు నేను వేలు ముంచితేనే మామయ్య కేకలేసేవారు. నీళ్లు కలకబారితే దుంప కుళ్లుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా, చదవడానికి హాయిగా ఉంటుందని అలా రాశాను.

ఆ గీత సంగతి అడగడానికి ఫోన్ చేస్తే మీరు నవ్వేశారు. "నీ కథలోవాళ్లే నయమే పిల్లా, ఉత్త కాళ్లే పెట్టారు! నిన్న వచ్చినావిడ సబ్బు కూడా తెచ్చుకుంది," అన్నారు. "సగం మడి పోయిందిలే. అయినా ఇంత మూలన ఉన్నామా, వీళ్లకు దారెవరు చెప్పారే?" అని అడిగారు. టీ కాగుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

తప్పు చేస్తే కాగితం మీద రాసివ్వమని బడిలో సిస్టర్లు అనేవారు. ఎదుటపడి చెప్పలేని నాకు అదే అలవాటైంది.

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. మడిలో దుంపల చుట్టూ బురద పట్టిన రాళ్లన్నీ తీసి కడుగుతాను. వద్దనకండి.

మీ మేనకోడలు

తా.క. పుస్తకం చివరి పుటలో, బస్టాపు నుంచి మీ మడి దాకా దారి చూపే బొమ్మ ఉంది. దాన్ని గీసింది నేనే.