నీ లాప్‌టాప్ క్షేమం

జహనుమా,
ఆదివారం.

వీణకు ప్రేమ్‌రాజ్ రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమమే. నువ్వూ క్షేమమని రాశావు గానీ, అదే ఉత్తరంలో పరేడ్‌లో మడమ బెణికిందని కూడా రాశావు కాబట్టి సగమే నమ్ముతున్నాను. మీ కానిస్టేబుల్ ట్రైనింగ్‌లో ఫోన్లు తీసేసుకోవడం ఒకందుకు మంచిదే అయింది. ఇదంతా నోటితో చెప్పాల్సి వస్తే నా వల్ల అయ్యేది కాదు.

అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. నొప్పి తగ్గింది, పొగరు తగ్గలేదు. డాబా మెట్లు ఎక్కొద్దంటే, "వీణ రానీ, అది చెప్తే ఇంట. నువ్వెవడివిరా?" అంటుంది. షుగర్ పరీక్ష కూడా చేయించాను. దాని సంగతి కిందికి వస్తుంది.

రెండో ప్రశ్న, ఉద్యోగం పర్మినెంటైందా అని. మొదట్నుంచీ చెబితే గానీ అర్థం కాదు. మొఘల్‌పురాలోని మా డయాగ్నస్టిక్ సెంటర్లో కంప్యూటర్లన్నీ ఒక రకానివి కావు. కౌంటర్లో విండోస్, డాక్టర్ల దగ్గర మ్యాక్‌లు, రక్తపరీక్షల మిషన్‌కు లైనక్స్, ఇళ్లకెళ్లి శాంపిళ్లు తెచ్చేవాళ్లకు ఫోన్లు. పురానాపూల్ బ్రాంచి నుంచీ, డాక్టర్ల ఇళ్ల నుంచీ ఇవన్నీ రిపోర్టుల దాకా రావాలి, బయటివాళ్లెవరూ రాకూడదు. ఇంటర్నెట్‌లో మనవాళ్లకు మాత్రమే వేసుకునే ఆ దారినే వీపీఎన్ అంటారు. దానికి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలో తేల్చమని మేనేజర్ వేణుగోపాల్ సార్ నాకు అప్పగించారు. "మంచిది చూడు ప్రేమ్. గిది సెట్ చేసినవంటే నీ పోస్ట్ పక్కా" అన్నారు.

ఎంత సంబరపడ్డానో నీకు తెలుసు. అప్పుడు నువ్వింకా ఇక్కడే ఉన్నావు, వంటింట్లో కూడా నిన్ను పట్టుకుని ఇదే వాగేవాణ్ని. విండోస్‌తో వచ్చేది విండోస్ వాళ్లకు బాగుంది, మిగతావాళ్లకు తిప్పలే. ఒక కంపెనీవాళ్లు అమ్మజూపినదానికి లైనక్స్ వర్షనే లేదు. ఓపెన్‌వీపీఎన్ అన్నిటిమీదా నడిచింది, పైగా డబ్బు కట్టక్కర్లేదు. అదే చెప్పాను. డబ్బు కట్టక్కర్లేదన్న మాట నోరు జారి ముందే అనేశాను చూడు, అక్కడే చెడింది.

"ఫ్రీగనా? రేపు ఏమన్నయితే ఎవని అంగి గల్లా పట్టుకోవాలె?" అన్నారు సారు.

గల్లా పట్టుకోవడానికి వీలుగా నందు అనే ఏజెంటు దగ్గర ఆ కంపెనీదే, దాన్ని నడిపే డబ్బాతో సహా కొన్నారు. మొదటిరోజే కౌంటర్ కలిసింది, మ్యాక్‌లు కలవలేదు, రక్తపరీక్షల మిషన్ అసలే కలవలేదు. డాక్టర్లు లొల్లి, పేషెంట్లు లొల్లి. "వచ్చే నెల అప్‌డేట్ వస్తది సార్" అని నందు ప్రతి నెలా చెప్పాడు. ఒక్కరూ వాడి గల్లా పట్టుకోలేదు. నువ్వు ట్రైనింగుకు వెళ్లిన వారమే సారు నన్ను పిలిచి, "నీదే పెట్టు, చప్పుడు చెయ్యకు. ఓనర్లు మనం కొన్నదే నడుస్తుందనుకోవాలె. నీ పోస్ట్ నేను చూస్కుంట" అన్నారు. నాదే పెట్టడానికి ఒక కంప్యూటర్ ఇప్పించమన్నాను. "గంత పెట్టి కొన్నంక మళ్ల ఏమని అడగాలె?" అన్నారు.

ఇక నీ మూడో ప్రశ్న. లాప్‌టాప్‌ను వారానికోసారి ఆన్ చేసి చార్జింగ్ పెడుతున్నావా అని అడిగావు. చార్జింగ్ ఫికర్ పెట్టుకోకు వీణా. నువ్వెళ్లినప్పటి నుంచి అది ఆఫే కాలేదు. అది ఇంట్లో లేదు. మా సెంటర్ సర్వర్ రూములో, నందు అమ్మిన డబ్బా వెనకాల ఉంది. ఆ ఊరంత నెట్‌వర్కూ దానిమీదే నడుస్తోంది. నీ పరీక్ష నోట్సూ, మన పెళ్లి ఫోటోలూ ఒక పక్కన అట్లాగే ఉంచాను. నిన్నడగకుండా తీసుకెళ్లాను. నువ్వొచ్చేలోపు పర్మినెంట్ ఆర్డరు తెచ్చి దానిమీద పెట్టి నీకివ్వాలనుకున్నాను. ఎంత పిచ్చివాణ్నో చూడు.

అన్నీ కలిశాయి. మీటింగులో నందుకు శాలువా కప్పారు. నేను వెనక నిలబడి చప్పట్లు కొట్టాను, సిగ్గులేకుండా. మొన్న శుక్రవారం సారు పిలిచారు. "ఇప్పుడన్నీ మంచిగ నడుస్తున్నయ్ గద, ఇంక మనిషెందుకంటున్నరు ఓనర్లు" అన్నారు. నడవకపోయి ఉంటే ఆ తిప్పల కోసమైనా నన్ను ఉంచేవాళ్లు. నడిపించి పోగొట్టుకున్నాను. వెళ్లేముందు ఆ దారికి నా తాళంచెవి, అంటే నా లాగిన్ను, నా చేత్తోనే తీసేయమన్నారు. అప్పుడే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తామన్నారు. తీసేశాను.

తర్వాత లాప్‌టాప్ తెచ్చుకుందామని వెళ్లాను. మూతమీద నువ్వు రాసుకున్న నీ పేరుపైన నందు కంపెనీ స్టిక్కర్ అంటించి ఉంది. చంకలో పెట్టుకుని బయటికొస్తుంటే గేటు దగ్గర ఎల్లప్ప ఆపాడు. మన గల్లీవాడే. మొహం దించుకుని, "స్టిక్కరున్నది గదన్నా. నేనెట్ల ఇడుస్త? నా నౌకరీ పోతది" అన్నాడు. వాణ్నేమనను? సారుకు ఫోన్ చేసి, బిల్లు నా భార్య పేరు మీదుందన్నాను. "అది తీస్తే రిపోర్టులు ఆగిపోతయ్ ప్రేమ్. ఓనర్లతోని మాట్లాడి చెప్త" అని పెట్టేశారు. మళ్లీ ఎత్తలేదు.

నిన్న మా సెంటర్ నుంచే అమ్మ షుగర్ రిపోర్ట్ ఫోనుకొచ్చింది. "మంచిగ పనిచేస్తర్రా గక్కడ, యాళ్లకు పంపిండ్రు" అంది. ఉద్యోగం పోయిందని ఆమెకింకా చెప్పలేదు. నిన్న కూడా ఎప్పట్లాగే పొద్దున అన్నం డబ్బా కట్టుకుని బయల్దేరి, వేరే సెంటర్ల చుట్టూ తిరిగి వచ్చాను.

కోపం తెచ్చుకో, తిట్టు, ఏమన్నా పడతాను. కానీ నీ లాప్‌టాప్ మాత్రం క్షేమంగా ఉంది. విండోస్, మ్యాక్, లైనక్స్, ఫోన్ — ఏది పట్టుకున్నవాళ్లయినా దాంట్లోకి వెళ్లిరావచ్చు. దారి లేనిది నీకూ నాకే.

ఇట్లు,
నీ వస్తువు పరాయివాళ్లకు పెట్టొచ్చిన నీ మొగుడు,
ప్రేమ్‌రాజ్